కృత్రిమ కాలి నడకను ఫోన్‌తో కొలవడం ఎలా? ఇంటి దగ్గర చేసుకునే పద్ధతి, మొదటి నుంచి చివరిదాకా

"కొత్త కాలు ఎలా ఉంది బాబాయ్?" అని అడగండి. "బరువుగా ఉందిరా", "లాగుతోంది", "ఏదో తేడాగా ఉంది" అనే మూడింటిలో ఒక జవాబు వస్తుంది. కృత్రిమ కాలు తయారుచేసి బిగించే నిపుణుడికి, అంటే ప్రోస్తటిస్ట్‌కి, ఈ మాటలతో సగం పనే అవుతుంది. పోనీ ఆయన ఎదురుగా నాలుగడుగులు వేసి చూపిద్దామంటే, మనిషి వైవా పరీక్షకి నిలబడ్డట్టు బిగుసుకుపోయి, రోజూ నడవని నడక ఒకటి నడిచి వస్తాడు. కృత్రిమ కాళ్ళు పంచే క్యాంపులో కాలు తీసుకున్నవాళ్ళకి ఆ అవకాశం కూడా తక్కువే. క్యాంపు అయిపోయాక సర్దుబాటు కోసం ఎక్కడికి పోవాలో తెలుసుకోవడమే ఒక పని.

అందుకే ఇంటి దగ్గరే, ఒక ఫోను, ఒక టేపు, కాస్త ఓపికతో నడకని కొలిచే పద్ధతి రాస్తున్నాను. కాలు వాడేవాళ్ళ ఇంట్లోవాళ్ళకి, ఫిజియోథెరపీ విద్యార్థులకి, ప్రాజెక్టు కోసం సెన్సర్లు కొనే ఇంజినీరింగ్ పిల్లలకి ఇది పనికొస్తుంది. ఒక్క సంగతి మొదటే చెప్పాలి. ఇక్కడ మనిషిని రెండు కాళ్ళున్నవాళ్ళతో పోల్చం, అతని పోయిన నెల నడకతోనే పోలుస్తాం. కింద చెప్పే జాగ్రత్తలన్నీ ఆ పోలిక నిలబడడం కోసమే.

ముందు ప్రశ్న, తర్వాతే కొలత

కాగితం మీద ఒక ప్రశ్న రాసుకోండి. "చెప్పులు మార్చాక మోకాలు ముందుకు ఎందుకు తోస్తోంది?", "సాయంత్రానికి కుంటు ఎందుకు పెరుగుతోంది?" లాంటిది. ప్రశ్న లేకుండా మొదలుపెడితే ఫోను నిండా వీడియోలు మిగులుతాయి, జవాబు మిగలదు. ప్రాజెక్టులు చేసే పిల్లలు ఎక్కువగా తప్పేది ఇక్కడే. సెన్సర్ కొన్నాక ప్రశ్న వెతుకుతారు.

ప్రశ్నని బట్టి సాధనం మారుతుంది. వేగం తెలియాలంటే స్టాప్‌వాచ్ చాలు. రెండు కాళ్ళ మధ్య సమయం తేడా తెలియాలంటే స్లో మోషన్ వీడియో కావాలి. మోకాలు ఎంత మడుస్తోందో చూడాలంటే వీడియోతో పాటు గుర్తులు పెట్టాలి. వందల అడుగుల సగటు కావాలంటే కదలికని కొలిచే సెన్సర్ కావాలి. కీళ్ళ మీద ఎంత బలం పడుతోందో తెలియాలంటే నేలలో ఫోర్స్ ప్లేట్లు (పాదం వేసే బలాన్ని కొలిచే పలకలు), చుట్టూ ఇన్‌ఫ్రారెడ్ కెమెరాలు ఉన్న ల్యాబ్‌కే వెళ్ళాలి. ఇంట్లో దాని జోలికి పోవద్దు.

నడకలో తెలియాల్సిన నాలుగు మాటలు

ఒక పాదం నేలని తాకిన క్షణం నుంచి అదే పాదం మళ్ళీ తాకే దాకా ఒక చక్రం. అందులో పాదం నేల మీద ఉన్న భాగం నిలకడ దశ, గాలిలో ఉన్నది ఊపు దశ. మామూలు నడకలో ఇవి దాదాపు 60, 40 శాతం. రెండు పాదాలూ ఒకేసారి నేల మీద ఉండే జంట నిలకడ మొత్తం చక్రంలో 20 శాతం దాకా ఉంటుంది. కృత్రిమ కాలు వాడేవాళ్ళలో ఎక్కువగా కనిపించేది ఏమిటంటే, సొంత కాలి మీద ఎక్కువసేపు, కృత్రిమ కాలి మీద తక్కువసేపు నిలబడడం. ఈ తేడా ఎంత అన్నదే మన ప్రధాన కొలత.

బీకే అంటే మోకాలి కింద తీసేసింది, ఏకే అంటే మోకాలి పైన. ఈ రెండు నడకల్నీ ఒకే గాటన కట్టకూడదు. ఏకేలో మోకాలు కూడా యంత్రమే కాబట్టి ఊపు దశలో అది ఎప్పుడు మడిచి ఎప్పుడు చాపుతోందన్నది వేరే కథ.

చోటు, టైము, చెప్పులు

కనీసం 14 మీటర్లు తిన్నగా నడిచే చోటు కావాలి. మొదటి 2 మీటర్లు వేగం అందుకోవడానికి, చివరి 2 మీటర్లు ఆగడానికి. మధ్యలోని 10 మీటర్లనే కొలుస్తాం. విజయవాడ అపార్ట్‌మెంట్ సెల్లార్లు చూడ్డానికి పొడుగ్గానే ఉంటాయి గానీ నీళ్ళు పోవడానికి వాలు పెట్టి ఉంటాయి. ఒక గోళీ పెట్టి చూడండి, దొర్లితే ఆ చోటు వద్దు. కల్యాణ మండపం హాలు పొడవుగా, సమంగా ఉంటుంది, కానీ పాలిష్ గ్రానైట్ మీద జారతారేమోనన్న భయంతో అడుగులు పొట్టివైపోతాయి. స్కూలు వరండా, ఉదయం పూట ఖాళీగా ఉండే సిమెంటు దారి మేలు. మార్నింగ్ వాక్ జనం ఎక్కువ ఉండే స్టేడియం ట్రాక్ వద్దు. పదిమంది చూస్తుంటే ఎవరూ మామూలుగా నడవరు.

టైము గురించి కాస్త ఎక్కువ చెప్పాలి. స్టంప్ (కాలు తీసేశాక మిగిలిన భాగం) పరిమాణం రోజంతా ఒకేలా ఉండదు. సాకెట్‌లో, అంటే స్టంప్ కూర్చునే గట్టి గిన్నెలో, గంటలు గడిచేకొద్దీ చాలామందికి అది కాస్త తగ్గుతుంది, సాకెట్ వదులవుతుంది, స్టంప్ మీద ఒక సాక్స్ అదనంగా వేసుకోవాల్సి వస్తుంది. దానికి తోడు మన మే నెల. 40 డిగ్రీలు దాటే ఎండలో లైనర్ (స్టంప్‌కి వేసుకునే మెత్తటి తొడుగు) లోపల చెమట పట్టి కాలు జారుతుంది. ఉదయం 7 గంటలకు ఒకసారి, మరోసారి సాయంత్రం 5 గంటలకు కొలిచి "మెరుగైంది", "పాడైంది" అనుకుంటే అది కాలి తప్పో, గడియారం తప్పో తేలదు. ఎప్పుడూ ఒకే సమయానికి కొలవండి. సాయంత్రపు ఇబ్బందే మీ ప్రశ్న అయితే ఒకే రోజున రెండుసార్లూ కొలవండి. కాలు తొడుక్కుని ఎంతసేపైందో, ఎన్ని సాక్స్ వేసుకున్నారో రాయడం మరవద్దు.

పాదరక్షలు కూడా రాయాలి. కాలు బిగించేటప్పుడు ఏ మడమ ఎత్తుకి సరిచేశారో ఆ ఎత్తు మారితే మొత్తం కాలి వాలు మారిపోతుంది. మడమ ఎత్తయిన షూ వేస్తే పిక్క భాగం ముందుకు వాలి, మోకాలు ముందుకు తోస్తున్నట్టు అనిపిస్తుంది. చదునైన చెప్పులేస్తే దీనికి తిరగబడుతుంది. 1960ల చివర్లో జైపూర్‌లో రూపొందిన జైపూర్ పాదం చెప్పులు లేకుండా నడవడానికి, గొంతుక్కూర్చోడానికి వీలుగా చేసింది. సాచ్ అనే ఇంకో రకం పాదం లోపల కదలని గట్టి కడ్డీ, మడమలో మెత్తటి దిమ్మ ఉంటాయి, దాన్ని షూతో వాడతారు. ఈ రెండింటి అంకెలు పక్కపక్కన పెట్టి ఏది గొప్పో తేల్చే పని పెట్టుకోకండి.

ఇక బట్టలు. మోకాలు, పిక్క భాగం కనిపించాలి. మగవాళ్ళైతే నిక్కరు, ఆడవాళ్ళైతే బిగుతు లెగ్గింగ్. చీరలో నడిచే అమ్మమ్మ నడకే కావాలంటే ఆ చీరలోనే తీయండి, కాకపోతే కోణాల ఆశ వదులుకుని సమయాలు మాత్రమే కొలవండి.

మొదలుపెట్టే ముందు కాలు విప్పించి చర్మం చూడండి. పుండు గానీ, చాలాసేపటికీ తగ్గని ఎర్రదనం గానీ ఉంటే ఆరోజు కొలత లేదు. షుగర్ వల్ల కాలు తీసేసిన వాళ్ళకి రెండో పాదంలో కూడా స్పర్శ తగ్గి ఉండొచ్చు కాబట్టి దాన్నీ చూడాలి. కొత్తగా నడుస్తున్నవాళ్ళ పక్కన, కెమెరాకి అడ్డం రాకుండా, ఒక మనిషి చేయి అందేంత దూరంలో నడవాలి.

స్టాప్‌వాచ్‌తో రెండు పరీక్షలు

టేపుతో గీతలు గీసి, మధ్య 10 మీటర్లు ఎన్ని సెకన్లలో నడిచారో చూడండి. 10 సెకన్లు పడితే వేగం సెకనుకు 1 మీటరు. ఆరోగ్యంగా ఉన్న పెద్దవాళ్ళ మామూలు నడక సెకనుకు 1.2 నుంచి 1.4 మీటర్లు. సెకనుకు 0.8 మీటర్లు నడిచే మనిషికి 12 మీటర్ల రోడ్డు దాటడానికి 15 సెకన్లు పడుతుంది. బందరు రోడ్డు దాటేవాళ్ళకి ఈ లెక్క ఎందుకో చెప్పక్కర్లేదు. నడవమనేటప్పుడు "త్వరగా" అనొద్దు, "జాగ్రత్తగా" అనీ అనొద్దు. "రైతుబజారుకి వెళ్ళేప్పుడు ఎలా నడుస్తారో అలా రండి" అంటే చాలు. ప్రతిసారీ అదే మాట చెప్పండి.

రెండోది కుర్చీ పరీక్ష. కుర్చీలోంచి లేచి, 3 మీటర్లు నడిచి, తిరిగి వచ్చి కూర్చోవాలి. ఒక కాలు మోకాలి కింద తీసేసిన వాళ్ళలో దీనికి 19 సెకన్లు, అంతకంటే ఎక్కువ పడితే పదేపదే పడిపోయే అవకాశం ఎక్కువని 2007లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. దాన్ని హెచ్చరికగా తీసుకోండి, తీర్పుగా కాదు.

కెమెరా పెట్టడం

ఫోను చేత్తో పట్టుకుని పక్కన నడుస్తూ తీసిన వీడియో కొలతకి పనికిరాదు. ట్రైపాడ్ మీద, నడక దారికి సరిగ్గా లంబంగా, మధ్య గీత నుంచి 4, 5 మీటర్ల దూరంలో, మోకాలి ఎత్తులో పెట్టండి. ఫోను కాస్త పక్కకి తిరిగినా దూరంగా ఉన్న అడుగు పొట్టిగా, దగ్గరగా ఉన్నది పొడుగ్గా కనిపిస్తుంది. ఫ్రేము మధ్యలో పడిన అడుగుల్నే కొలవడానికి కారణం కూడా అదే. నడిచే గీత మీదే, అంటే కెమెరాకి కాళ్ళెంత దూరమో అంతే దూరంలో, ఒక మీటరు స్కేలు పెట్టి కొన్ని సెకన్లు తీయండి. అడుగు పొడవు కొలవడానికి అదే ఆధారం.

మామూలు వీడియో సెకనుకు 30 ఫ్రేములు. అంటే రెండు ఫ్రేముల మధ్య 33 మిల్లీసెకన్లు. రెండు కాళ్ళ తేడా 50 మిల్లీసెకన్లే ఉంటే అది ఒకటిన్నర ఫ్రేములో మునిగిపోతుంది. స్లో మోషన్‌లో 120 ఫ్రేములు పెడితే ఒక్కోటి 8 మిల్లీసెకన్లు. అక్కడ కొలవొచ్చు. కొన్ని ఫోన్లు 120 అని చెప్పి ఇంకోలా సేవ్ చేస్తాయి. అందుకని ఇంకో ఫోనులో స్టాప్‌వాచ్ నడిపి దాన్ని వీడియో తీసి, ఒక సెకనుకి ఎన్ని ఫ్రేములు వచ్చాయో లెక్కపెట్టుకోండి. వెలుతురు తగ్గితే పాదం మసకబారుతుంది, నేలని తాకిన క్షణం దొరకదు. వీడియోని వాట్సాప్‌లో మామూలుగా పంపితే నాణ్యత పోతుంది. కేబుల్‌తో తీసుకోండి, లేదా డాక్యుమెంట్‌గా పంపండి.

పక్క నుంచి రెండు వైపులా తీయాలి, అంటే కృత్రిమ కాలు కెమెరా వైపు ఉన్నప్పుడు కొన్ని నడకలు, సొంత కాలు ఉన్నప్పుడు కొన్ని. తర్వాత ఎదురుగా, వెనక నుంచి ఒక్కోసారి. ఒళ్ళు పక్కకి ఒరగడం, కాలు బయటికి తిప్పి వేయడం పక్క నుంచి కనిపించవు.

ఫ్రేములు లెక్కపెట్టడం

కినోవియా, ట్రాకర్ రెండూ ఉచితంగా దొరికే ప్రోగ్రాములు. ఏదో ఒక దానిలో వీడియో తెరిచి, ఒక్కో ఫ్రేమే జరుపుతూ నాలుగు క్షణాలు రాసుకోవాలి. సొంత పాదం తాకింది, కృత్రిమ పాదం తాకింది, సొంత పాదం లేచింది, కృత్రిమ పాదం లేచింది.

120 ఫ్రేముల వీడియోలో ఇలా వచ్చిందనుకోండి. సొంత పాదం 100వ ఫ్రేములో తాకింది, 190లో లేచింది, మళ్ళీ 238లో తాకింది. కృత్రిమ పాదం 172లో తాకింది, 250లో లేచింది. చక్రం 138 ఫ్రేములు, అంటే 1.15 సెకన్లు. సొంత కాలి నిలకడ 90 ఫ్రేములు, 0.75 సెకన్లు, చక్రంలో 65 శాతం. కృత్రిమ కాలి నిలకడ 78 ఫ్రేములు, 0.65 సెకన్లు, 57 శాతం దగ్గర. రెండింటి తేడాని వాటి సగటుతో భాగించి వందతో గుణిస్తే 0.10 ÷ 0.70 × 100, దాదాపు 14 శాతం. దీన్ని అసమానత సూచిక అంటారు. సున్నా అయితే రెండు కాళ్ళూ సమానం.

ఒక్క చక్రం చూసి ఏమీ అనొద్దు. ప్రతి వైపూ కనీసం మూడు నాలుగు నడకలు తీసి, దొరికిన చక్రాలన్నిటి సగటు తీసుకోండి. ఇక చాలామంది వదిలేసే పని ఒకటుంది. ఏమీ మార్చకుండా, పావుగంట విశ్రాంతి ఇచ్చి, మొత్తం మళ్ళీ కొలవండి. మొదట 14 వచ్చి రెండోసారి 11 వచ్చిందనుకుంటే, మీ కొలతలోనే 3 శాతం ఊగిసలాట ఉందన్నమాట. రేపు ప్రోస్తటిస్ట్ కాలు సర్దాక 12 వస్తే సంబరపడక్కర్లేదు. 6 వస్తే అప్పుడు మాట్లాడదాం.

మోకాలి కోణం

తుంటి పక్కన తగిలే ఎముక మీద, మోకాలి కీలు దగ్గర, చీలమండ దగ్గర ఒక్కో గుర్తు పెట్టాలి. పెద్ద సైజు స్టిక్కర్ బొట్లు దీనికి బ్రహ్మాండంగా పనికొస్తాయి. బట్ట రంగుకి ఎదురు రంగువి ఎంచుకోండి. కృత్రిమ మోకాలికైతే కీలు బోల్టు మీదే పెట్టండి. నాలుగు కడ్డీల మోకాలికి ఒకే కేంద్రం ఉండదు, మడిచేకొద్దీ అది జరుగుతుంది. ఏ బోల్టు మీద పెట్టారో ఫొటో తీసుకుని ప్రతిసారీ అక్కడే పెట్టండి. ఊపు దశలో మామూలు మోకాలు 60 డిగ్రీల దాకా మడుస్తుంది.

ఇక్కడొక మెలిక ఉంది. బీకే వాళ్ళకి చీలమండ గుర్తు కాలికి అంటుకునే ఉంటుంది గానీ, సాకెట్ లోపల స్టంప్ పైకీ కిందికీ జారుతుండొచ్చు. అది వీడియోలో కోణంగా తేలదు. సాకెట్ పై అంచు దగ్గర చర్మం మీద పెన్నుతో ఒక గీత గీసి, పాదం లేచినప్పుడు ఆ గీత అంచుకి ఎంత దూరం జరిగిందో చూడండి. ఈ చిన్న గీత ఖరీదైన కోణాలకంటే ఎక్కువ చెప్పిన సందర్భాలే ఎక్కువ.

కీళ్ళని తనంతట తానే గుర్తుపట్టే ఏఐ యాప్‌లు వస్తున్నాయి. పిక్క కండ లేని సన్నటి పైపు మీద అవి చుక్క ఎక్కడ పెడుతున్నాయో కంటితో చూడకుండా వాటి అంకెలు నమ్మకండి.

సెన్సర్ వాడాలనుకుంటే

జర్మనీలోని ఆహెన్ యూనివర్సిటీ వాళ్ళ ఫైఫాక్స్ అనే ఉచిత యాప్ ఫోనులోని గైరోస్కోప్ (తిరిగే వేగాన్ని కొలిచేది), యాక్సెలెరోమీటర్ (కుదుపుని, వేగంలో మార్పుని కొలిచేది) అంకెల్ని ఫైలుగా ఇస్తుంది. 200 గ్రాముల ఫోనుని కృత్రిమ కాలికి కట్టొద్దు. ఆ బరువుకే ఊపు మారిపోతుంది. బెల్టు పౌచ్‌లో నడుం వెనక, సరిగ్గా వెన్నెముక మీద కట్టండి. ప్రతి అడుగుకీ యాక్సెలెరోమీటర్‌లో ఒక శిఖరం వస్తుంది. శిఖరాల మధ్య ఎడం ఒకటి పొడుగు, ఒకటి పొట్టి, మళ్ళీ పొడుగుగా వస్తుంటే అదే అసమానత. వీడియోతో జత కలపడానికి మొదట్లో కెమెరాకి కనిపించేలా ఫోను మీద మూడుసార్లు తట్టండి.

పిల్లలు ప్రాజెక్టులకి వాడే, ఈ రెండు సెన్సర్లూ ఉన్న ఎంపీయూ 6050 చిప్ కొన్ని గ్రాములే కాబట్టి దాన్ని కాలికి కట్టొచ్చు. అందులో రెండు ఉచ్చులున్నాయి. అది ఆన్ కాగానే గైరో పరిధి సెకనుకు 250 డిగ్రీల దగ్గర ఉంటుంది. ఊపు దశలో పిక్క భాగం వేగం 300 దాటొచ్చు, అప్పుడు గ్రాఫు శిఖరం కత్తిరించినట్టు చదునుగా వస్తుంది. దాన్ని 1000కి మార్చండి. యాక్సెలెరోమీటర్ పరిధి 2జీ (భూమ్యాకర్షణకి రెండింతలు) దగ్గర ఉంటుంది. మడమ తాకే దెబ్బకి అది చాలదు, 8జీ పెట్టండి. సెకనుకు 100 రీడింగులు సరిపోతాయి. ఫైఫాక్స్ గైరో అంకెలు రేడియన్లలో వస్తాయి. డిగ్రీలు కావాలంటే 57.3తో గుణించండి.

నడిచే ముందు 10 సెకన్లు కదలకుండా నిలబెట్టి, ఆ సమయంలోని గైరో సగటుని మిగతా అంతటి నుంచి తీసేయండి. నిలబడ్డప్పుడు సెకనుకు అర డిగ్రీ తప్పు చూపించే సెన్సర్, దాన్ని సరిచేయకుండా కోణం లెక్కవేస్తే, 20 సెకన్లకి 10 డిగ్రీల అబద్ధం చెబుతుంది. సగటు తీసేశాక కూడా కొంత మిగులుతుంది కాబట్టి, పాదం నేల మీద పూర్తిగా ఆనిన క్షణంలో ప్రతి చక్రానికీ లెక్కని కొత్తగా మొదలుపెట్టాలి. పిక్క గైరో గ్రాఫులో ఊపు మధ్యలో ఒక పెద్ద శిఖరం, దానికి అటూఇటూ రెండు లోయలు ఉంటాయి. ముందు లోయ పాదం లేచిన చోటు, తర్వాతిది తాకిన చోటు. కృత్రిమ పాదంతో ఈ లోయల ఆకారం కాస్త మారుతుంది. కాబట్టి మొదటి కొన్ని చక్రాల్ని వీడియోతో సరిచూసుకున్నాకే ప్రోగ్రాముకి అప్పగించండి.

అంకెల వెనక ఏముంది

కృత్రిమ కాలి నిలకడ బాగా తక్కువగా ఉంటే మొదట అడగాల్సింది నొప్పి గురించి. సాకెట్‌లో ఎక్కడో నొక్కుతుంటే మనిషి బరువు వేయడు. నొప్పి లేదంటే నమ్మకం లేకపోవచ్చు, తుంటి కండరాలు బలహీనంగా ఉండొచ్చు.

కృత్రిమ కాలు ఊగేటప్పుడు సొంత కాలి మునివేళ్ళ మీద లేస్తున్నారా? కాలు బయటికి తిప్పి వేస్తున్నారా? రెండింటికీ కారణాలు దాదాపు ఒకటే. కాలు పొడవు ఎక్కువై ఉండాలి, మోకాలు చాలినంత మడవకపోతుండాలి, లేదా సాకెట్ వదులై కాలు కిందికి జారుతుండాలి. ఒళ్ళు కృత్రిమ కాలి వైపు ఒరుగుతుంటే కాలు పొట్టిగా ఉందేమో, తుంటి పక్క కండరం బలహీనమేమో, ఏకే అయితే గజ్జ దగ్గర సాకెట్ అంచు గుచ్చుతోందేమో చూడాలి. మడమ ఆనగానే మోకాలు గబుక్కున ముందుకు మడిస్తే మడమ దిమ్మ గట్టిగా ఉండొచ్చు, చెప్పు మడమ ఎత్తు కావొచ్చు. ఏకేలో మడమ వెనక్కి మరీ ఎత్తుగా లేస్తుంటే మోకాలి బిగింపు తక్కువైందని అర్థం.

ఒకే లక్షణానికి ఇన్ని కారణాలు ఉన్నాయి కాబట్టే కాలి స్క్రూలు తిప్పే అలెన్ కీ మీ చేతిలోకి తీసుకోవద్దు. చుట్టం ఎవరో తిప్పిన స్క్రూ వల్ల కాలు పాడవడం ఒక ఎత్తు, దాంతో సొంత మోకాలు, నడుము పాడవడం ఇంకో ఎత్తు.

సమతల నేల మీద కొలతే అంతా కాదు. గుంటూరు బ్రాడీపేటలో ఉండే మనిషికి అది చాలవరకు సరిపోతుంది. విజయవాడ వన్‌టౌన్‌లోనో, మొగల్రాజపురంలోనో కొండ మీద ఇల్లున్నవాళ్ళకి రోజూ మెట్లే జీవితం. వాళ్ళకి ఇంటి మెట్ల దగ్గర ఇంకో వీడియో తీయండి. ఎక్కేటప్పుడు కాదు, దిగేటప్పుడు. ఇబ్బంది అక్కడే ఎక్కువ బయటపడుతుంది.

ప్రోస్తటిస్ట్ దగ్గరికి ఏం పట్టుకెళ్ళాలి

ఒక్క పేజీ చాలు. పైన మీ ప్రశ్న. కింద తేదీ, సమయం, చెప్పులు, సాక్స్ సంఖ్య, వేగం, రెండు కాళ్ళ నిలకడ శాతాలు, అసమానత సూచిక, మీ ఊగిసలాట ఎంతో. దానితోపాటు పక్క నుంచి ఒకటి, వెనక నుంచి ఒకటి, పది సెకన్లు మించని వీడియోలు. గ్రాఫుల కట్ట ఇస్తే ఆయన చూడరు, చూడకపోవడం తప్పు కూడా కాదు.

ఒకసారికి ఒకటే మార్చమని అడగండి. పొడవు, మడమ, సాకెట్ ప్యాడు ఒకేరోజు మారితే ఏది పనిచేసిందో ఎవరికీ తెలియదు. మార్చిన వెంటనే కొలిచిన అంకెల్ని పక్కన పెట్టి, కొన్ని రోజులు దానితో తిరిగాక, అదే చోట, అదే సమయానికి, అవే చెప్పులతో మళ్ళీ కొలవండి. కొత్తగా ఆపరేషన్ అయినవాళ్ళకి మొదటి ఏడాదిలో స్టంప్ చాలా తగ్గుతుంది కాబట్టి నెలకోసారి కొలవడం మంచిది. పాతవాళ్ళకి లైనర్ మారినప్పుడు, చెప్పులు మారినప్పుడు, బరువు పెరిగినా తగ్గినా, కింద పడినా మళ్ళీ కొలవాలి. వీడియో ఎవరికి పంపినా ముందు ఆ మనిషిని అడగండి, వీలైతే నడుము నుంచి కిందికే కత్తిరించి పంపండి.